గోల్ఫ్ బండి: మాలిక్‌కా, మజ్దూర్‌కా?



గోల్ఫ్ బండి అనగానే మనవాళ్ళకు ముందు నవ్వొస్తుంది. తెల్ల టోపీ, పచ్చగడ్డి, చేతిలో వంకర కర్ర, వెనక సంచీ మోసే నౌకరు. హైదరాబాదు తిరిగొచ్చినవాళ్ళకైతే గోల్కొండ నయా ఖిలా గుర్తొస్తుంది. కుతుబ్ షాహీల కోట గోడల నడుమ, ముల్లా ఖయాలీ మస్జిద్ ఉన్న చోట, హాథియాన్ కా ఝాడ్ అని పిలిచే ఆ వందల ఏళ్ళ బావోబాబ్ మాను ఉన్న చోట, ఇప్పుడు గోల్ఫ్ మైదానం ఉంది. అమీరుల ఆట, అమీరుల సవారీ. అట్లాంటి బండిని వేంసూరు మండలంలో పామాయిల్ తోటలో తిప్పుతున్నామంటే "క్యా మియా, నవాబ్ హోగయే?" అని దావత్‌లలో ఆటపట్టించకుండా ఎవరు వదులుతారు?

ఆటపట్టించండి, ఫికర్ లేదు. కానీ అదే బండి సికింద్రాబాద్ స్టేషన్ ప్లాట్‌ఫారం మీద ముసలివాళ్ళను ఎక్కించుకుని పోతుంటే ఎవరూ నవ్వరు. జూపార్కులో పిల్లలను తిప్పుతుంటే నవ్వరు. ఉమ్రాకు పోయి వచ్చినవాళ్ళు చూసే ఉంటారు, మక్కాలో హరమ్ షరీఫ్ పై అంతస్తులో నడవలేని హాజీలు ఇట్లాంటి బ్యాటరీ బండ్ల మీదే తవాఫ్ చేస్తున్నారు. అక్కడ అది సహూలత్. మన ఖేత్‌లోకి వచ్చేసరికి దిఖావా అయిపోతుంది. ఎందుకంటే ఖేత్‌లో నడవడం, మోయడం మజ్దూర్ పని అనీ, చెట్టు కింద కూర్చుని చూడడం మాలిక్ పని అనీ మన బుర్రల్లో ఎప్పుడో ఖరారైపోయింది. ఆ మాలిక్ కూర్చోడానికి ఇంకో కుర్చీ, చక్రాలున్న కుర్చీ, వచ్చిందని అనుకుంటున్నారు.

నా రాయ్ చెప్తాను. బండి ముందు మజ్దూర్ మోసే బరువు మోయాలి. ఆ తర్వాత ఇంట్లో నడవలేని బుజుర్గులను, జమీన్ ముఖమే చూడని ఆడవాళ్ళను ఎక్కించుకోవాలి. ఆ తర్వాత జాగా మిగిలితే మాలిక్ కూర్చోవచ్చు. ఈ వరస తిరగబడిందా, నవ్వేవాళ్ళదే నిజం.

మా ఊరి సంగతి తెలియనివాళ్ళకు రెండు ముక్కలు. వేంసూరు ఖమ్మం జిల్లాలో సత్తుపల్లి పక్కన, ఆంధ్రా సరిహద్దు మీద ఉంటుంది. ఒకప్పుడు ఇది అసెంబ్లీ నియోజకవర్గం. జలగం వెంగళరావు గారు 1973లో ముఖ్యమంత్రి అయినప్పుడు ఆయన వేంసూరు ఎమ్మెల్యే. తర్వాత ఆ పేరు పోయి సత్తుపల్లి వచ్చింది, మాది మండలంగా మిగిలింది. మా చిన్నప్పుడు మామిడి తోటలు, వరి. ఇప్పుడు ఎటు చూసినా పామాయిల్. దమ్మపేట, అశ్వారావుపేట వైపు మొదలై ఇటు పాకింది. ఆయిల్‌ఫెడ్ ఫ్యాక్టరీలు అశ్వారావుపేటలో, అప్పారావుపేటలో ఉన్నాయి కాబట్టి గెల కోస్తే అమ్ముకునే చోటు దగ్గరే.

దూరమంతా తోట లోపలే ఉంది. ఇది పామాయిల్ వేసినవాళ్ళకు చెప్పక్కర్లేదు గానీ, ఖమ్మం టౌన్‌లోనో హైదరాబాద్‌లోనో ఉంటూ తాతల జమీన్ మీద ఏడాదికోసారి హిసాబ్ అడిగే మన తమ్ముళ్ళకు చెప్పాలి. చెట్టుకూ చెట్టుకూ తొమ్మిది మీటర్లు. ఎకరానికి 57 చెట్లు. పది, పదిహేను రోజులకోసారి కోత. చెట్టు చిన్నదైతే ఉలితో పొడుస్తారు, ఎదిగితే పొడవాటి గెడకు కట్టిన కొడవలితో కోస్తారు. గెల ఒక్కోటి పది కిలోల నుంచి ఇరవై ఐదు కిలోల దాకా తూగుతుంది, ఒళ్ళంతా ముళ్ళు. కోసిన గెల 24 గంటల్లో ఫ్యాక్టరీకి చేరాలి, లేకపోతే నూనెలో ఆమ్లం పెరిగి నాణ్యత పడిపోతుంది. అంటే కోయడం సగం పనే. కోసినదాన్ని ట్రాక్టర్ నిలబడే బాట దాకా చేర్చడం మిగతా సగం.

ఆ మిగతా సగం ఎంతో కాగితం మీద వేసి చూద్దాం. ఆరెకరాల తోట అనుకోండి. ఎకరానికి ఏడాదికి 8 టన్నులు, నెలకు రెండు కోతలు అనుకుంటే, ఒక్కో కోతకు ఆరెకరాల మీద 2 టన్నులు. గెల సగటున 20 కిలోలైతే 100 గెలలు. ఒక్కో గెలను సగటున వంద మీటర్లు మోయాలంటే, పోవడం వంద, రావడం వంద. నూరు గెలలకు 20 కిలోమీటర్లు. అందులో 10 కిలోమీటర్లు నెత్తిన ఇరవై కిలోల ముళ్ళ బరువుతో. చుట్టకుదురు పెట్టుకున్నా ముల్లు ముల్లే. చెట్టు చుట్టూ పాదులు, డ్రిప్ పైపులు, నరికి పడేసిన మట్టలు. వానాకాలమైతే మోకాలి దాకా బురద.

ఈ హిసాబ్ ఎవరూ వేయరు. టన్నుకు ఇంత అని ముఠా మేస్త్రీతో రేటు మాట్లాడుకుంటాం, పొద్దున్నే వస్తారు, సాయంత్రానికి బాట పక్కన గెలల కుప్ప ఉంటుంది. మధ్యలో ఏం జరిగిందో మాలిక్ కళ్ళకు కనపడదు. నౌకరు మీద మోయలేని బరువు వేయొద్దు, వేస్తే మీరూ ఓ చెయ్యి వేయండి అన్న హదీస్ మనందరం మక్తబ్‌లోనే విన్నాం. అది వంటింటి నౌకరుకే అన్నట్టు వాడుకుంటాం. పామాయిల్ ముఠాకు కూడా అదే లాగూ అవుతుంది కదా!

పామాయిల్‌ను మనకంటే ఎంతో ముందు నుంచి పండిస్తున్న మలేషియాలో ఈ మోత మీద చాలా బుర్ర పెట్టారు. ఒంటిచక్రం తోపుడు బండితో మొదలుపెట్టారు, కొన్ని ఎస్టేట్లలో దున్నపోతుల బండ్లు కట్టారు, తర్వాత ఇరుకు వరసల్లో దూరే చిన్న ట్రాక్టర్లు తెచ్చారు, మోటారు పెట్టిన తోపుడు బండ్లూ వచ్చాయి. మన దగ్గర దున్నపోతుల బండి స్థానంలో ఉన్నది టీవీఎస్ ఎక్సెల్. మా పల్లెలకు అసలైన గోల్ఫ్ బండి అదే, అల్లా దాని తయారీదార్లను చల్లగా చూడాలి. పాల క్యాన్లు, గడ్డి మోపు, ఎరువు బస్తా, వెనక బీబీ, ముందు బచ్చా, అన్నీ దానిమీదే. కానీ గెలలు వేసుకుని పాదుల మధ్య పోవాలంటే అది పడిపోతుంది, కింద నడిపేవాడి కాలు ఉంటుంది.

ట్రాక్టర్‌నే వరసల్లోకి తోలొచ్చు కదా అంటారు. తోలుతారు కొందరు. బరువైన ట్రాక్టర్ తడి నేల మీద పదేపదే తిరిగితే నేల గట్టిపడుతుంది, పామాయిల్ వేర్లు ఎక్కువగా పైపైనే ఉంటాయి, వాటికి అది మంచిది కాదు. పైగా పది గెలల కోసం ట్రాక్టర్ స్టార్ట్ చేయడం దోమను కొట్టడానికి తోప్ పేల్చినట్టు.

అందుకే మా ఖాందాన్‌లో మూడు ఇళ్ళు కలిసి, మేము, చిచ్చావాళ్ళు, ఫుప్పూవాళ్ళు, ఒక పాత ఆరు సీట్ల బండి తీసుకున్నాం. కొన్ని ఏళ్ళు హైదరాబాద్‌లో ఎవరి విల్లాల మధ్యనో తిరిగి రిటైర్ అయిన బండి. బ్యాటరీలు పోయాయని అమ్మేవాళ్ళే చెప్పారు, ధర ఆ మేరకు తగ్గించారు. వెనక నాలుగు సీట్లు పీకించి సత్తుపల్లిలో వెల్డింగ్ షాపులో ఇనప తొట్టి పెట్టించాం. అంచులు తక్కువ ఎత్తులో ఉండాలని ముఠావాళ్ళే చెప్పారు, గెలను పైకి ఎత్తకుండా దొర్లించి వేయడానికి. ఆ ఒక్క సలహా వల్ల ఎన్ని నడుములు బతికాయో. నున్నటి టైర్లు తీసేసి గాడులున్నవి వేయించాం. గడ్డి మైదానం మీద గీత పడకుండా చేసిన టైర్లు మన రేగడిలో జారుతూనే ఉంటాయి. బండి ఎత్తు కూడా కాస్త పెంచాల్సి వచ్చింది, ఎందుకంటే కింద భాగం నేలకు జానెడు కూడా దూరం ఉండదు, మట్ట మొద్దు తగిలితే అంతే.

ఇప్పుడు తొట్టిలో మూడొందల కిలోలు వేస్తే రెండు టన్నులు ఏడు ట్రిప్పులు. ఇరవై కిలోమీటర్ల నడక ఏడు ట్రిప్పులైంది. అన్ని వరసల్లోకి పోదు. మట్టలు ఒక వరసలో పేర్చి పక్క వరస ఖాళీగా ఉంచుకునే రివాజ్ ఉన్న తోటలో మాత్రమే పోతుంది. కాబట్టి చెట్టు దగ్గర నుంచి ఖాళీ వరస దాకా ఇప్పటికీ చేతుల మోతే, కానీ అది పది అడుగులు.

అసలు పేచీ ఇక్కడ మొదలైంది. బండి వచ్చిన రెండో కోతకే మా ఖాందాన్‌లో ఒకరు, రిష్తా చెప్పను, ముఠా రేటు తగ్గించాలన్నారు. "మోత మన బండిది, కరెంటు మనది, టన్నుకు పాత రేటు ఎందుకివ్వాలి?" వినడానికి లెక్క కరెక్టే అనిపిస్తుంది. రేటులో కోత, మోత రెండూ ఉన్నాయి, మోత పోయింది, కాబట్టి తగ్గించు. చుట్టుపక్కల తోటల్లోనూ మినీ ట్రాలీలు, పవర్ టిల్లర్లు వచ్చినచోట ఇదే మాట వినపడుతోంది.

నేను ఒప్పుకోలేదు. ఇన్సాఫ్ ఒక కారణం, మా ఫాయ్‌దా ఇంకో కారణం. ముఠావాళ్ళ పని గంటలు తగ్గాయి, అదే రోజు ఇంకో చిన్న తోట కోసుకోగలుగుతున్నారు. అది బండి వల్ల వాళ్ళకొచ్చిన లాభం. మరి మా లాభం? గెలలు అదే సాయంత్రం ఫ్యాక్టరీకి పోతున్నాయి. రాలిన పళ్ళు, మునుపు చెట్టు కిందే కుళ్ళిపోయేవి, ఇప్పుడు బస్తాల్లో వేసి బండి మీద పడేస్తున్నారు. అన్నిటికంటే పెద్ద సంగతి, కూలీలు దొరకని రోజుల్లో ముఠా ముందు మా తోటకే వస్తోంది. మా దగ్గర కోతలకు మనుషుల కరువు ఎంతుందో మీకు తెలుసు. మిర్చి ఏరడానికి ఛత్తీస్‌గఢ్ నుంచి వస్తే తప్ప ఖమ్మం జిల్లాలో గడవదు. అట్లాంటప్పుడు మెడ మీద బరువు తక్కువ పడే తోటకు ఎవరైనా ముందొస్తారు. ఆ ఒక్క సౌకర్యాన్ని రేటు కోసి పోగొట్టుకుంటామా? మజ్దూర్ మెడ మీద దించిన బరువును అతని జేబులోంచి తీసుకుంటే ఇక దించిందేముంది?

అవునూ, బండి వల్ల పని మనుషులు తగ్గుతారు కదా అని కూడా అడిగారు ఒక దోస్త్. తగ్గొచ్చు. ఆరుగురి ముఠా అయిదుగురితో వస్తోంది. ఆ ఆరో మనిషి ఎవరంటే, ఒక పెద్దావిడ, రాలిన పళ్ళు ఏరేది, గెలలూ మోసేది. ఇప్పుడు ఆమె మోయడం లేదు, బండి పక్కన నడుస్తూ పళ్ళే ఏరుతుంది, రోజు కూలి మేం విడిగా ఇస్తాం. ప్రతి తోటలో ఇట్లా కుదురుతుందని దావా చేయను. బండి కొనేవాళ్ళు ఈ సవాల్‌కు జవాబు ముందే ఆలోచించుకోవాలంటున్నాను.

ఇక రెండో సంగతి. అమ్మీ.

మా పామాయిల్ తోట వెనకే అమ్మీకి మా నానా ఇచ్చిన రెండెకరాల మామిడి హిస్సా ఉంది. మధ్యలో నీటి బోదె. మన ఘరానాల్లో ఆడబిడ్డ హిస్సా సంగతి మీకు నేను చెప్పాలా? ఇచ్చేవాళ్ళు తక్కువ, ఇచ్చినట్టు చెప్పి మాఫ్ చేయించుకునేవాళ్ళు ఎక్కువ. "నువ్వు పోయి చూసుకుంటావా అమ్మా, సంతకం పెట్టెయ్, మేం చూసుకుంటాం." మా నానా అట్లా చేయలేదు, అల్లా ఆయనకు జన్నత్ నసీబ్ చేయాలి. కానీ అమ్మీకి మోకాళ్ళు పోయాక అయిదేళ్ళుగా ఆ తోట ముఖం చూడలేదు. ఏటా గుత్తకు ఇవ్వడం, గుత్తదారు డబ్బు అబ్బా చేతికి ఇవ్వడం, అబ్బా అమ్మీ చేతికి ఇవ్వడం.

బోదె మీద రెండు సిమెంటు పైపులు వేసి మట్టి కప్పించి బండి దాటేలా చేశాం. మా ఆపా నడిపింది. గేర్లు లేవు, కిక్ లేదు, క్లచ్ లేదు. ఒక పెడల్ తొక్కితే పోతుంది, ఇంకోటి తొక్కితే ఆగుతుంది. ఒక అసర్ నుంచి మగ్రిబ్ దాకా నేర్చుకుంది. అమ్మీ పక్కన కూర్చుని తోటంతా ఒక చుట్టు తిరిగి, ఏమీ మాట్లాడకుండా ఇంటికొచ్చి, చాయ్ తాగి, అప్పుడంది: "ముప్పై ఎనిమిదే ఉన్నాయి. నలభై ఒకటి ఉండాలి."

మూడు చెట్లు కొట్టేశారు. ఎవరు, ఎప్పుడు అన్నది ఇంట్లో ఒక్క మగాడికి తెలియదు. అబ్బాకు తెలియదు, నాకు తెలియదు, మేం ఆ తోట మీదుగా నెలకు రెండుసార్లు నడిచిపోతున్నా మాకు చెట్ల లెక్కే తెలియదు. అమ్మీకి తెలుసు, ఎందుకంటే అవి తనవి. ఈ ఏడు గుత్త మాట్లాడడానికి వచ్చిన మనిషి అబ్బాతో మొదలుపెడితే అబ్బా చెయ్యి అమ్మీ వైపు చూపించారు. బేరం ఆమే చేసింది. ఎంతకు చేసిందో రాయొద్దంది.

ఈ లెక్కన చూస్తే ఆడవాళ్ళ హఖ్ గురించి మస్జిద్‌లో ఇచ్చే బయాన్‌లతో పాటు, వాళ్ళు వాళ్ళ జమీన్ దాకా చేరే ఇంతెజామ్ కూడా చూడాలి. పట్టా కాగితం మీద పేరు ఉండి, కాలు అక్కడ మోపలేకపోతే ఆ మిల్కియత్ సగమే.

ఇప్పుడు కాస్త ఖానూన్. చాలామందికి తెలియనిది, తెలిసినా పట్టించుకోనిది.

1988 మోటారు వాహనాల చట్టం ప్రకారం, కేవలం ఫ్యాక్టరీలోనో ఆవరణ కట్టిన ఇంకో చోటో వాడడానికి చేసిన ప్రత్యేక బండి మోటారు వాహనం కిందికి రాదు. అందుకే గోల్ఫ్ బండికి నంబర్ ప్లేట్ లేకుండా గడుస్తోంది. అంటే దానర్థం, కంచె దాటి పంచాయతీ రోడ్డు మీదికి వచ్చిన క్షణం నుంచి దానికి రిజిస్ట్రేషన్ లేదు, బీమా లేదు. ఎవరికైనా తగిలితే ఆ దియత్ అంతా మీ ఇంటి మీదే. ఇల్లు ఊళ్ళో, తోట రెండు కిలోమీటర్ల అవతల ఉన్నవాళ్ళు గోల్ఫ్ బండి జోలికి పోవద్దు. మాది నడిచింది ఎందుకంటే చిచ్చా ఇల్లు తోటలోనే ఉంది, బండి కంచె దాటదు. అబ్బాను బైకు మీద గేటు దాకా తెస్తాను, అక్కడి నుంచి బండి.

రోడ్డు మీద పోవాల్సినవాళ్ళకు వేరే దారి ఉంది. 2014లో కేంద్రం ఈ-రిక్షాతో పాటు ఈ-కార్ట్ అనే తరగతి పెట్టింది. 310 కిలోల దాకా సరుకు, మోటారు 2000 వాట్లకు మించకూడదు, వేగం గంటకు 25 కిలోమీటర్లు. అంతకంటే పెద్దదైతే సరుకు మోసే ఎలక్ట్రిక్ ఆటోలు దొరుకుతున్నాయి. నంబర్ వస్తుంది, బీమా వస్తుంది, షోరూమ్ దగ్గర్లోనే ఉంటుంది. తెలంగాణ సర్కార్ 2024 నవంబరులో ఎలక్ట్రిక్ బండ్లకు రోడ్ టాక్స్, రిజిస్ట్రేషన్ ఫీజు 2026 డిసెంబరు చివరి దాకా మాఫ్ చేసింది, తేలికపాటి సరుకు బండ్లు కూడా అందులో ఉన్నాయి. సూటిగా చెప్పాలంటే, పదిమందిలో ఎనిమిది మందికి గోల్ఫ్ బండి కంటే ఇదే బెహతర్. అయిదెకరాల లోపు వాళ్ళకు రెండూ వద్దు, మంచి రెండు చక్రాల తోపుడు బండి చాలు.

కరెంటు సంగతి. మా బండి 48 వోల్టులది, బ్యాటరీలు 150 ఆంపియర్ అవర్లవి. గుణిస్తే 7.2 యూనిట్లు. ఛార్జింగ్‌లో కొంత వృథా పోతుంది కాబట్టి పూర్తిగా నిండాలంటే 9 యూనిట్ల దాకా లాగుతుంది. యూనిట్ ఎనిమిది రూపాయలు వేసుకున్నా 72 రూపాయలు. డీజిల్‌తో పోలిస్తే ఏమీ కాదు. కానీ ఇందులో రెండు మెలికలున్నాయి.

ఒకటి, బోరు దగ్గర ఫ్రీ కరెంటు ఉంది కదా, అక్కడే పెట్టేద్దామనే సలహా. మాకు నలుగురు చెప్పారు. 2018 జనవరి 1 నుంచి మన రాష్ట్రంలో వ్యవసాయానికి 24 గంటలు ఉచిత కరెంటు ఇస్తున్నారు, నిజమే. ఇచ్చింది పంపుసెట్టుకు. పైరుకు నీళ్ళు పెట్టమని ఇచ్చిన అమానత్‌తో బండి నింపుకుంటే అది ఖియానత్, అది కూడా బైతుల్‌మాల్ లాంటి సొమ్ములో. "అందరూ చేస్తున్నారు" అన్నది ఏ ఫిఖ్హ్ కితాబులోనూ దలీల్ కాదు.

రెండోది గృహజ్యోతి. 2024 మార్చి నుంచి రేషన్ కార్డు ఉన్న ఇళ్ళకు నెలకు 200 యూనిట్ల దాకా సున్నా బిల్లు వస్తోంది. 200 దాటితే దాటినదానికే కాదు, మొత్తానికీ బిల్లు కట్టాలి. బండి ఛార్జింగ్ చిచ్చా ఇంటి మీటర్ మీద. వాళ్ళ ఇల్లు నెలకు 120, 130 యూనిట్లు వాడుతుంది. బండి కోతల రోజుల్లో, మధ్య మధ్య అబ్బా షికార్లలో కలిపి అరవై దాకా తింటుంది. వేసవిలో కూలర్ వేస్తే గీత దాటుతుంది, అప్పుడు చిచ్చా నోట్లోంచి మాట రాదు గానీ చిచ్చీ ముఖంలో బిల్లు కనపడుతుంది. అందుకని దాటిన నెలల్లో మొత్తం బిల్లు మూడు ఇళ్ళూ పంచుకోవాలని రాసుకున్నాం. షెడ్డు మీద సోలార్ పలకలు వేద్దామని ఫుప్పూ కొడుకు అంటున్నాడు. ఒక కిలోవాట్ పలకలు ఎండ రోజున నాలుగు యూనిట్ల దాకా ఇస్తాయి, రెండు కిలోవాట్లు పెడితే రోజుకు దాదాపు ఒక ఛార్జింగ్. చూడాలి.

బ్యాటరీలే ఈ బండి జాన్. పాత బండ్లలో ఉండేవి సీసం బ్యాటరీలు, ఆరు. డిస్టిల్డ్ వాటర్ పోస్తుండాలి, సగానికి మించి ఖాళీ చేయకూడదు, వాడకుండా నెలల తరబడి మూలన పడేస్తే చచ్చిపోతాయి. వానాకాలం పని లేదని షెడ్డులో పెట్టి మరిచిపోయినవాళ్ళే ఎక్కువగా "గోల్ఫ్ బండి దండగ" అంటుంటారు. లిథియం అయితే ఈ తలనొప్పి తక్కువ, ఖరీదు ఎక్కువ. చచ్చిన సీసం బ్యాటరీలను డీలర్‌కే తిరిగివ్వండి. ఊరి చివర పెనం పెట్టి సీసం కరిగించేవాళ్ళకు రెండొందలు ఎక్కువిచ్చారని అమ్మొద్దు, ఆ పొగ పీల్చేది మన మొహల్లా పిల్లలే.

పిల్లల మాట వచ్చింది కాబట్టి. ఈద్‌కు ఇంటికొచ్చిన హైదరాబాద్ బచ్చాలందరికీ ఇది బొమ్మ. చప్పుడు లేకుండా పోతుంది, తలుపులు లేవు, బెల్టు లేదు. మలుపులో వేగంగా తిప్పితే పక్కన కూర్చున్నవాడు జారి కింద పడతాడు, బోదె గట్టు మీదైతే బండే తిరగబడుతుంది. తాళంచెవి చిచ్చా మెడలో ఉంటుంది, తావీజ్‌తో పాటు. పద్దెనిమిది నిండని ఎవరికీ ఇవ్వరు. మనవళ్ళు అలిగినా ఇవ్వరు.

ఇక షరాకత్. బ్యాంకు లోన్ తీసుకుని సూద్ కట్టడం కంటే మూడు ఇళ్ళు కలిసి కొనడం మేలనిపించింది. కానీ అన్నదమ్ముల మధ్య బండి పెట్టడమంటే మధ్యలో బకరాను కట్టేసినట్టే, ఎవరు గడ్డి వేయాలి, ఎవరు కోయాలి అని ఝగ్డా తప్పదు. అందుకని కొనకముందే ఒక నోట్‌బుక్‌లో రాసి ముగ్గురం దస్తఖత్ పెట్టాం. కోత రోజుల్లో ఎవరి తోట కోత ఉంటే బండి వాళ్ళది, అబ్బా షికారు ఆ రోజు లేదు. రిపేర్ ఖర్చు ఎకరాల లెక్కన. బ్యాటరీల కోసం ప్రతి కోతకు ప్రతి ఇల్లూ కొంత డబ్బాలో వేయాలి, ఎందుకంటే బ్యాటరీలు పోయే రోజున ఎవరి దగ్గరా ఒకేసారి అంత రఖం ఉండదు. ఎవరైనా హిస్సా అమ్ముకోవాలంటే ముందు మిగతా ఇద్దరికే.

మా అబ్బాకు 74 ఏళ్ళు. ఆ నోట్‌బుక్ చదివి ఆయన ఒక లైను చేర్చారు. ఎండాకాలంలో ముఠా అన్నాలు తినే వేళకు బండి వాళ్ళకు చెట్టు కింద ఆగి ఉండాలట, తొట్టిలో నీళ్ళ డ్రమ్ము పెట్టుకుని. చిచ్చా, బండి నీడకే ఉండాలి కదా, బ్యాటరీలు వేడెక్కుతాయి, సరేనన్నారు. డ్రమ్ము ఎవరు కొనాలన్నది మాత్రం ఇంకా తేలలేదు. వచ్చే కోతలోపు తేలుతుంది, ఇన్‌షా అల్లాహ్.